పటంలో లేని గోడ

...అసలు ఆ ఐదు నిమిషాలు ఎవరివి, అదీ తేలాల్సింది. 'బస్టాపుకి ఐదు నిమిషాల నడక' అని ఇంటి ప్రకటనలో అచ్చు వేయించినవాడు ఎవరి కాళ్ళతో నడిచి ఉంటాడు? పాతికేళ్ళ కాళ్ళా, డెబ్బై ఎనిమిదేళ్ళ కాళ్ళా? చేతిలో సంచీ ఉందా? ఎండగా ఉందా? లేక కుర్చీలో కాలు మీద కాలేసుకుని, ఐదు అనే అంకె చూడ్డానికి బాగుందని రాసేశాడా? ఏడంటే ఎవరూ కొనరు. నాలుగంటే నమ్మరు. ఐదైతే...

"అమ్మాయ్, ఆ గిన్నెని ఇంకాస్త తోమితే చిల్లు పడుతుంది."

అత్తగారి మాటకి ఆమె చేతులు ఆగాయి. గిన్నె ఎప్పుడో తెల్లబడింది.

నాలుగు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు. బుధవారం పొద్దున కొత్త ఇంటి ఒప్పందం మీద ఆయన సంతకం చేసి, కాగితాలు ఆమె వైపు జరిపాడు. ఇద్దరి పేరునా కొంటున్న ఇల్లది. "ఆ చుట్టుపక్కల ఒకసారి నడిచి చూశాక పెడతాను" అంది ఆమె. ఆయన నవ్వాడు. పెద్ద నవ్వేం కాదు, ముక్కుతో వదిలిన గాలి లాంటిది. ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టేసింది.

అప్పట్నుంచీ ఇద్దరూ అత్తగారి మీదుగానే మాట్లాడుకుంటున్నారు.

"ఒరేయ్ కొలబద్దా" అంది ఆవిడ, ముందుగదిలోకి వినబడేలా. కొడుకు సర్వేయరుగా చేరిన రోజున తనే పెట్టిన పేరది. "ఇవాళ నాలుగింటికే కదరా ఆ బ్రోకరు రమ్మంది? వచ్చి ఓ మాట మాట్లాడకూడదూ?"

"మాట్లాడ్డానికేముందమ్మా. బస్టాపు నాలుగు వందల మీటర్లేనని చెప్పు."

"నాలుగు వందలట" అంది అత్తగారు, వంటింటి గడప మీద నిలబడి.

"కాళ్ళతో కొలిచారా, కాగితం మీద కొలిచారా అడగండత్తయ్యా."

"కాళ్ళతోనా, కాగితం మీదా అంటోందిరా."

"కాళ్ళతో కొలిచేవాణ్ణి సర్వేయరు అనరమ్మా."

"కాగితం మీదేనట" అంది అత్తగారు కోడలితో.

"ఆ లేఅవుటు గీసింది ఎవరో మర్చిపోయినట్టుంది" అన్నాడాయన. గొంతు కొంచెం పెరిగింది. "పధ్నాలుగేళ్ళ కింద, ఆ ముళ్ళకంపల్లో నెల్లాళ్ళు తిరిగాను. ఇళ్ళకీ బజారుకీ మధ్య పన్నెండడుగుల కాలిదారి వదలాలని పట్టుబట్టింది నేను. ఆ స్థలం గలాయన ఒప్పుకోలేదు. రెండు ప్లాట్లు పోతాయన్నాడు. మనుషులు ఎగిరి వెళతారా అని అడిగాను. అక్కడ ప్రతి అడుగూ నాకు తెలుసని చెప్పు."

"దారి వదిలించారు సరే, తర్వాత ఎప్పుడైనా అందులో నడిచారా అని అడగండి."

అత్తగారు ఈ మాట మోయలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ గడప మీదే ఉండిపోయింది.  

ఆయనకి ఎలా చెప్పాలి? ఎనిమిది నెలల కింద, కళ్ళ డాక్టరు చీకటి గదిలో దీపాలు వెలిగించి, ఆర్పి, ఎటువైపు కనిపించిందో చెప్పమంటే, చాలాసేపు ఏ దీపమూ వెలగలేదనే అనుకుంది. వెలిగాయట. ముప్పై సార్లు. "పక్కచూపు తగ్గిపోతోందమ్మా, ఎడమవైపు మరీను. ఇంకా తగ్గుతుంది. ముందున్నది మాత్రం చాలా ఏళ్ళు కనబడుతుంది. బండి మానెయ్యండి, నడక మానకండి. తెలిసిన దారిలో మీరు ఎన్నేళ్ళయినా నడవగలరు."

పక్కచూపు పోయి ఎదురుచూపు మిగులుతుందన్న మాట, అనుకుని ఆస్పత్రి మెట్ల మీద కూచుని ఆమె నవ్వింది. తర్వాత ఇంటికొచ్చి, "రాత్రిళ్ళు కొంచెం మసగ్గా ఉంటోంది, బండి నడపను" అని ఊరుకుంది. అబద్ధం కాదు. నిజం అంచులు కత్తిరించి చెప్పింది, అంతే. ఇరవై రెండేళ్ళుగా బైండింగు షాపులో ఆమె చేసే పని అదే కదా. కుట్టిన పుస్తకానికి అంచులు కత్తిరించి నున్నగా చేసి ఇవ్వడం.

ఆయన కోపగిస్తాడని కాదు దాచింది. మంచివాడై పోతాడని. చేతిలో సంచీ తీసుకుంటాడు. గుమ్మం దగ్గర మోచెయ్యి పట్టుకుంటాడు. రోజూ పొద్దున షాపు దగ్గర దింపుతాడు, సాయంత్రం తీసుకొస్తాడు. ఏడాది తిరిగేసరికి ఆయన లేకుండా వీధి మలుపు దాకా కూడా వెళ్ళడం రాకుండా పోతుంది.

తెలిసిన దారి అన్నాడు డాక్టరు. ఉన్న ఇంటి నుంచి షాపుకి ఆమెకి తెలిసిన దారే ఉంది. కానీ ఇల్లుగలవాళ్ళు నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. ఇక ఏ దారైనా కొత్తగా నేర్చుకోవాలంటే ఇప్పుడే, ఈ మిగిలిన చూపుతోనే నేర్చుకోవాలి. మళ్ళీ ఇంకో ఇల్లు, ఇంకో దారి అంటే, అప్పటికి ఈపాటి చూపు కూడా ఉండదు.

చేతులు తుడుచుకుని ఆమె ముందుగదిలోకి వచ్చింది. ఆయన మొహం చూడకుండా గోడ గడియారంతో చెప్పినట్టు చెప్పింది.

"నేను బస్సులో వెళ్ళి ఆ బస్టాపులో దిగుతాను. అక్కణ్ణుంచి ఆ ఇంటికి నడుస్తాను. నడిచి గుమ్మం ఎక్కగలిగితే మారుమాట లేకుండా సంతకం పెడతాను."

గడియారం బదులు చెప్పలేదు. ఆయన లేచి, బీరువా పక్కనున్న రేకు గొట్టంలోంచి పాత ప్లాను తీసి, తల్లి చేతిలో పెట్టాడు.

"ఇది చూసుకుంటూ రమ్మను. మడవొద్దని చెప్పు. చుట్టే ఉంచాలి. మడిస్తే గీతలు పోతాయి."

"మడవడం దాని పనిరా" అంది అత్తగారు. "పులిని గడ్డి తినమన్నట్టు చెబుతావేం." తర్వాత కర్ర అందుకుని చెప్పులు వేసుకుంది. "పద అమ్మాయ్. నేనూ వస్తున్నా. రేపు అక్కడ ఉండబోయేది నేను కూడా. నా మోకాళ్ళని ఎవరూ అడగలేదు."

* * *

బస్టాపులో దిగేసరికి రెండున్నర. నీడ కోసం కట్టిన రేకుల కింద బెంచీ ఉంది. దాని మీద ఎవరో ఎరువు బస్తాలు పెట్టి వెళ్ళారు.

ఆమె ఎడమ కాలు ముందుకు వేసి లెక్క మొదలెట్టింది. పదహారు అడుగులు ఒక ఫారం. అచ్చు కాగితం మడిస్తే పదహారు పేజీలు. మడత తర్వాత మడత లెక్కపెట్టే అలవాటు చేతుల్లోంచి కాళ్ళలోకి దిగి చాలా ఏళ్ళయింది. షాపు నుంచి ఇంటికి అరవై రెండు ఫారాలు. నాలుగు వందల మీటర్లంటే తన అడుగుకి నలభై. చిన్న పుస్తకమే.

ఒకటి. కాలిబాట ఉంది. రెండు. కాలిబాట ఉంది గానీ దాని మీద ఒకతను ఫ్రిజ్జులు బాగుచేస్తున్నాడు. కిందికి దిగాలి. దిగేచోట ఎత్తెంత? జానెడున్నర. గుర్తుపెట్టుకుంది. ఐదు. మురుగు కాలువ మీద పలక కదులుతోంది, కుడిపక్క నడవాలి. ఎనిమిది. మందుల షాపు, మంచిది. పదకొండు. చెట్టు నీడ, ఇంకా మంచిది.

"కాసేపు ఆగుదామా?" అంది అత్తగారు.

"అలిసిపోయారా?"

"నాకోసం కాదు. ఆ చెట్టు ఒక్కతే ఉంది పాపం. కాస్త తోడుందాం."

చెట్టు కింద ఇద్దరూ నిలబడ్డారు. ఆమె సంచీలోంచి పెన్సిలు తీసి చిన్న కాగితం మీద రాసుకుంది: పదకొండు, నీడ. పలక, ఐదు. అత్తగారు అటే చూస్తూ ఉంది.

పందొమ్మిదో ఫారానికి బజారు అయిపోయి సందు మొదలైంది. ప్లానులో ఉన్నట్టే. ఖచ్చితంగా పన్నెండు అడుగులు. వెడల్పు చూడగానే ఆమెకి ఛాతీలో ఏదో మెత్తబడింది. ఒక మనిషి, నడిచే మనుషుల కోసం, డబ్బున్నవాడితో తగవు పెట్టుకుని మిగిల్చిన జాగా ఇది. నాలుగు రోజుల కోపంలో తనకి ఈ సంగతి గుర్తు రాలేదు. ఇవాళ ఆ గుమ్మం ఎక్కి సంతకం పెడితే, రోజూ ఆయన గీసిన గీత మీద నడవొచ్చు. అలాంటి అదృష్టం ఎంతమందికి పడుతుంది?

ఇరవై. ఇరవై ఐదు. బండ్లు లేవు. గుంటలు లేవు. ముప్పై.

ముప్పై ఒకటో ఫారం మధ్యలో పుస్తకం ఆగిపోయింది.

గోడ. నిలువెత్తు కంటే ఓ మూర ఎక్కువ. పైన గాజు పెంకులు గుచ్చి ఉన్నాయి. కొత్తది కాదు, కింద నాచు పట్టింది. దాని మొదట్లో గొనె పట్టా మీద చెప్పులు కుట్టే ఆయన కూచుని ఉన్నాడు.

"దారి లేదమ్మా. ఏడేళ్ళయింది" అన్నాడు, అడక్కుండానే. రోజుకి ఎంతమందికో చెప్పే మాటలా ఉంది.

"ఎవరు కట్టారు?"

"అటు ఇళ్ళవాళ్ళు. దొంగల భయమని కట్టారు. అప్పట్నుంచీ దొంగలు పెద్ద గేటులోంచి వెళుతున్నారు." ఆయన స్టూలు జరిపాడు. "కూచోండి పెద్దమ్మగారూ."

అత్తగారు కూచుంది. "మరి నువ్వు ఇక్కడే ఎందుకున్నావు నాయనా, మనుషులు రాని చోట?"

"ఒకప్పుడు వచ్చేవాళ్ళమ్మా. పొద్దునా సాయంత్రం కాళ్ళే కాళ్ళు. ఇప్పుడు బజారువాళ్ళ చెప్పులే దిక్కు. అటువాళ్ళవి అప్పుడప్పుడు వస్తాయి, కారులో పంపిస్తారు. చూడగానే చెప్పేస్తాను. అటువాళ్ళ చెప్పులు పాతబడతాయి గానీ అరగవు."

ఆమె ఆ మాటని పెన్సిలుతో రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం లేదు.

"చుట్టూ తిరిగి వెళ్ళాలంటే?"

"పెద్ద రోడ్డు పట్టుకుని. వంద అడుగుల వెడల్పు రోడ్డది. పక్కన నడవడానికేం లేదమ్మా, తెల్లగీత ఒకటుంది. గీతకి ఇవతల లారీలు, అవతల కాలువ. అరగంట పడుతుంది. నడిచి వెళ్ళినవాళ్ళని నేను చూళ్ళేదు."

పెద్ద రోడ్డు. లారీలు ఎడమవైపు నుంచి వస్తాయి. ఆమెకి ఎడమవైపు అంటూ ఇప్పుడు పెద్దగా ఏం లేదు. లారీ పక్కనుంచి వస్తే కనబడదు, వచ్చి వెళ్ళాక కనబడుతుంది.

అత్తగారు కర్రతో ఇటుకల మీద తట్టింది. "అమ్మాయ్. కుర్చీలు ఎవరు సర్దుతున్నారనుకున్నావు, ఇన్నాళ్ళూ?"

"ఏ కుర్చీలు?"

"దారికి అడ్డం ఉన్నవి. కొలబద్ద ఎక్కడ పడితే అక్కడ లాగి వదిలేసేవి. నేను నీ ఎడమపక్కన కూచుంటే నువ్వు పలకవు. కుడిపక్కన కూచుంటే పలుకుతావు. మొదట్లో నా మీద కోపమేమో అనుకున్నా."

 ఎనిమిది నెలలు తను జాగ్రత్తగా తప్పించుకుని నడిచిన ఇల్లు, నిజానికి ఎవరో తన కోసం ముందే సర్ది పెట్టిన ఇల్లు. దాచుకున్నానని మురిసిన గొప్పంతా ఈ ముసలావిడ మోకాళ్ళ మీద నడిచింది.

"ఆయనకి చెప్పారా?"

"నేనెందుకు చెబుతాను. నాలుగు రోజులు మీ మాటలు మోశాను చాలు. ఆ ఒక్కటీ నువ్వే మోసుకో."

ఆమె ఫోను తీసి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి, తిన్నగా ఆయనకే చేసింది.

"ఏమండీ, సందులో ఉన్నాం. గోడ దగ్గర."

"ఏ గోడ?"

"మీ కాలిదారికి అడ్డంగా ఉన్న గోడ."

"అక్కడ గోడ లేదే" అన్నాడాయన.

ఆమె అరచెయ్యి ఇటుకల మీదే ఉంది. ఎండకి వేడెక్కి ఉన్నాయి.

"ఇంటి దగ్గరికి వచ్చేశారా మీరు?"

"వచ్చాను. బ్రోకరు కూడా ఉన్నాడు. నువ్వు సందు తప్పి ఉంటావు. ప్లాను తిప్పి చూడు, ఉత్తరం పైకి ఉండాలి."

"ఇంటి వెనక వీధి చివరిదాకా వచ్చి చూడండి."

అడుగుల చప్పుడు ఫోనులో వినిపించింది. కొంతసేపటికి ఫోనులోనూ, గోడ అవతలా కూడా వినిపించింది. తర్వాత ఆగింది.

 గోడకి అటువైపు ఆయన చెయ్యి ఆన్చాడో లేదో ఆమెకి తెలియదు. ఆన్చాడనే అనిపించింది.

"ఒరేయ్, ఉన్నావా?" అంది అత్తగారు.

"ఉన్నానమ్మా." ఆ గొంతులో ఏదో పోయింది. "నన్నడక్కుండా..." అని ఆగిపోయాడు. నిన్నెవరు అడుగుతార్రా అని అత్తగారు అనలేదు. ఆవిడ ఊరుకోవడం అరుదు.

"అక్కడే ఉండండి. ఐదు నిమిషాల్లో కారేసుకుని వచ్చేస్తాను" అన్నాడాయన.

"కారొద్దు" అంది ఆమె. "నడిచి రండి."

* * *

ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. ఆమె చూసుకుంటూనే ఉంది.

సందు మొగలో కనబడేసరికి ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో ఉన్నాయి. ప్యాంటు ఒక కాలు మోకాలి దాకా బురద.

"తెగిందా?" అన్నాడు కుట్టే ఆయన సంతోషంగా. "ఇటివ్వండి. ఏడేళ్ళలో అటునుంచి నడిచొచ్చిన మొదటి చెప్పు ఇదే."

కుట్టే ఆయన వేసిన అట్టముక్క మీద ఆయన ఒంటికాలితో నిలబడి, గోడని కిందినుంచి పైదాకా చూశాడు. వేళ్ళతో ఇటుక పొడవు కొలిచాడు. అలవాటు.

"ఆ రోడ్డు మీద..." అన్నాడు. బురద కాలు వైపు చూసుకున్నాడు. "లారీ వాడు హారను కొడితే కాలువలో దిగాను" అన్నాడు.

"బుధవారం సంతకం పెడుతూ ఈ ఇంటికి నూటికి తొంభై ఆరు మార్కులు వేశావు కదరా" అంది అత్తగారు. "ఇప్పుడెన్ని?"

ఆయన తల్లికి జవాబు చెప్పకుండా భార్య వైపు తిరిగాడు. మొహంలో పట్టుదల మళ్ళీ పోగవుతోంది. దారుల కోసం తగవు పెట్టుకున్న పాత మనిషి పైకొస్తున్నాడు. ఆ మనిషంటే ఆమెకి ఇష్టం. అదే కష్టం.

"చూడు. ఇది అందరి దారి. రికార్డుల్లో ఉంది. నా ప్లానే సాక్ష్యం. రేపే అర్జీ పెడతాను. ఆర్నెల్లు పట్టనీ, ఏడాది పట్టనీ, ఈ గోడ కూలగొట్టించకపోతే నేను సర్వేయర్నే కాను. అంతవరకూ రోజూ నిన్ను షాపు దగ్గర నేనే దింపుతాను, నేనే తీసుకొస్తాను. ఇబ్బంది ఏముంది? అయినా నీకు కనబడనిది రాత్రిపూటే కదా."

జేబులో ఫోను మోగింది. బ్రోకరు. నాలుక్కి పది నిమిషాలుంది.

"ఎత్తండి" అంది ఆమె.

ఆయన ఎత్తలేదు. ఆమె మొహంలో ఏం చూశాడో, చెప్పు సంగతి మర్చిపోయి రెండో కాలు కూడా కింద పెట్టాడు.

"రాత్రిపూటే కదా?" అని మళ్ళీ అడిగాడు, ఈసారి మెల్లగా.

అత్తగారు స్టూలు మీద కూచుని, కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఉంది. కుట్టే ఆయన సూది ఆపేశాడు.

ఇప్పుడు అవునంటే చాలు. అంచులు ఇంకొంచెం కత్తిరిస్తే పుస్తకం నున్నగా ఉంటుంది. కానీ ఆయన అరగంట ఆ రోడ్డు మీద నడిచి వచ్చాడు. ఏడేళ్ళుగా లేని దారిని ఉందనుకున్నాడు, అడిగితే వచ్చి చేత్తో తాకి చూశాడు. తను మాత్రం తన గోడని ఎనిమిది నెలలుగా ఆయన పటంలో ఎక్కనివ్వలేదు.

"ఎంత కనిపిస్తుంది నీకు?" అన్నాడాయన. "నిజం చెప్పు. ఎంత?"

ఆమె చేతిలోని ప్లానుని పూర్తిగా విప్పింది. మడవలేదు. ఒక అంచు నుంచి మొదలెట్టి, పుస్తకం వీపు గట్టిగా పట్టేందుకు కాగితం బిగించే వేళ్ళతో, బిగువుగా, ఇంకా బిగువుగా చుట్టింది. ఇళ్ళూ బజారూ పన్నెండడుగుల దారీ లోపలికి వెళ్ళిపోయాయి. చివరికి అది బొటనవేలు కూడా దూరనంత సన్నటి గొట్టమైంది.

అప్పుడు ఆమె దగ్గరగా జరిగి, ఆయన ఎడమ కన్ను అరచేత్తో మూసి, ఆ గొట్టాన్ని కుడి కంటికి ఆన్చింది.